అన్న కుర్చీలోంచి లేవని ఆదివారం

మనుషుల చేతికి త్రాసు ఇచ్చి, హృదయాలను తూచే పని మాత్రం తన దగ్గరే ఉంచుకున్న దేవునికి స్తోత్రం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసినవాటిలో ఏదైనా నిలిచిందంటే అది ఆయన కృప. నిలవనివి నా లెక్కలోకి వస్తాయి. ముందు ఈ మాట చెప్పుకున్నాకే మిగిలింది చెప్పడం మా ఇంట్లో అలవాటు.

పోయిన నెల మా సంఘం యువజన కూటంలో ఒక అబ్బాయి నన్ను అడిగాడు. "ఆంటీ, మా కంపెనీకి కొత్త క్లయింటు వచ్చాడు. వాళ్ళ దగ్గర ఉన్న సొంత ఐటీ స్టాఫుని తీసేసి ఆ పనంతా మాకు ఇస్తున్నాడు. మాకు మంచిదే కదా, దీనికి దేవునికి స్తుతి చెల్లించవచ్చా?" వాడు ఇంకా అడుగుతుండగానే పక్కన కూర్చున్న అమ్మాయి, "మా నాన్నని అలాగే తీసేశారు" అంది.  నేను ముగింపు ప్రార్థన చేసి కూటం ముగించేశాను. ఆ ఇద్దరి కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో మీకు సూత్రం ఏదీ దొరకదు. ఒక మనిషి సంగతి మాత్రం ఉంటుంది.

పదవీ విరమణకు ముందు నేను అశోక్ నగర్‌లో ఒక శిక్షణ సంస్థకు పరిపాలనాధికారిని. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల కోసం ఒక ట్రస్టు దాన్ని నడిపేది. క్లాసులూ కంప్యూటర్ ల్యాబూ అశోక్ నగర్‌లో, ఆఫీసు చిక్కడపల్లిలో, రీడింగ్ హాలు నారాయణగూడలో. మూడు చోట్ల ఉన్న కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, నెట్, సీసీ కెమెరాలు అన్నిటికీ కలిపి మాకు ఉన్నది ఒకే ఒక టెక్నీషియన్. పిల్లలు, లెక్చరర్లు, చివరికి టీ కొట్టువాడు కూడా అతన్ని అన్న అనే పిలిచేవారు. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

అన్న సిద్దిపేట అవతల ఒక ఊరినుంచి గ్రూప్స్ చదవడానికి వచ్చినవాడు. ఒకసారి ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో పోయాడు. ఇంకోసారి నోటిఫికేషనే ఆగిపోయింది. హాస్టల్ ఖర్చుకని మా ల్యాబులో చేరి, అలాగే ఉండిపోయాడు. పెళ్ళయింది, పాప పుట్టింది, కవాడిగూడలో చిన్న పోర్షన్ కిరాయికి తీసుకున్నాడు. నోరు మహా పెద్దది. ఎవరైనా "కంప్యూటర్ ఆన్ అయితలేదన్నా" అంటే, "నువ్వు ఆన్ అయినవా ముందు? ప్లగ్గు పెట్టినవా?" అనేవాడు. నా దగ్గర కూడా అంతే. ఆదివారం ఆరాధనకు వెళ్ళేముందు ల్యాబు దగ్గర ఆగితే, "మేడం, పోతే పోతిరి గని, మీ దేవునికి జర చెప్పుండ్రి, పది నుంచి ఒంటిగంట దాక నెట్ ఆపొద్దని" అనేవాడు. నేను నవ్వుతూనే నిజంగానే ప్రార్థించేదాన్ని.

ఎందుకంటే ఆదివారం మాకు మాక్ టెస్టు. అసలు పరీక్ష కాగితం మీదే అయినా, సాయంత్రానికల్లా ర్యాంకులు చెప్పాలని మా సంస్థలో కంప్యూటర్ల మీద పెట్టేవాళ్ళం. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం అన్న ఆ వరుసల మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

ట్రస్టు ఛైర్మన్ గారు చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగి, ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి దిగిన పెద్దమనిషి. ఒకరోజు నన్ను పిలిచి, "చూడమ్మా, ఒక్క మనిషి మీద ఇంత పెద్ద సంస్థ నడుస్తదా? ఆయనకు జరం వస్తే మనకు జరం వస్తుంది. నగరం అవతల ఒక ఐటీ కంపెనీ ఉంది, మొత్తం వాళ్ళే చూసుకుంటరంట. మూడు నెలలు ట్రయల్ చేద్దాం. బాగుంటే వాళ్ళకే ఇచ్చేద్దాం" అన్నారు.

"మరి అన్న?"

"బాగుంటే అవసరం ఏముంటది?"

ఆయన మాటలో క్రూరత్వం లేదు. తప్పు కూడా లేదు. అన్నకు టైఫాయిడ్ వచ్చిన వారం మేము పడిన పాట్లు నాకు గుర్తున్నాయి. కానీ నలభై దాటిన మనిషి, డిగ్రీ తప్ప చేతిలో సర్టిఫికెట్ లేని మనిషి, ఇంకెక్కడికి వెళతాడు? రాత్రి ప్రార్థనలో నేను దేవుని దగ్గర ఒక్కటే అడిగాను. అతని ఉద్యోగం పోకుండా చూడమని.

ట్రయల్ మొదలైంది. ఆ మూడు నెలలు దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి అన్నను నారాయణగూడ రీడింగ్ హాలుకు పంపాం, అక్కడ జిరాక్సులూ ప్రింట్లూ చూసుకొమ్మని. కంపెనీ తరఫున ఒక అమ్మాయి బాధ్యత తీసుకుంది. చాలా చురుకైన పిల్ల, మర్యాద తెలిసినది. ఏ సమస్య వచ్చినా వాళ్ళ వెబ్ పేజీలో కంప్లైంట్ రాయాలి, వెంటనే ఒక నంబరు వస్తుంది, ఇంత సమయంలో బాగుచేస్తామని వాళ్ళ హామీ. అందరినీ కూర్చోబెట్టి స్క్రీన్ మీద చూపించింది. అందరూ తల ఊపారు.

నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. ఫిర్యాదులు దాదాపు లేవు. వచ్చిన ఒకటీ రెండూ కూడా గంటల్లోనే తీరిపోయాయి. రెండో నెలా అంతే. "మేడం, మా దగ్గర అన్నీ గ్రీనే అండి, ఇంత ప్రశాంతమైన క్లయింట్ మాకు ఎవరూ లేరు" అని ఆ అమ్మాయి సంతోషపడింది. ఛైర్మన్ గారు ఆ రిపోర్టు రెండు చేతులతో పట్టుకుని, "చూసినవామ్మా?" అన్నారు.

నేను చూశాను. నమ్మబుద్ధి కాలేదు. మా లెక్చరర్లు రిమోట్‌లో బ్యాటరీ అయిపోయినా ప్రొజెక్టర్ చచ్చిపోయిందని కేకలు వేసే రకం. వాళ్ళు రెండు నెలల్లో పరిశుద్ధులైపోయారా?

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి బ్యాంకు పని చూసుకుని ల్యాబు వెనక సందులోంచి వస్తున్నాను. టీ కొట్టు ముందు జనం గుంపుగా ఉన్నారు. మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద అన్న. ఒడిలో మా రెండో తరగతి గది ప్రొజెక్టర్, మూత విప్పి ఉంది. ఒకరి లాప్‌టాప్ పక్క బల్ల మీద. ఎకానమీ చెప్పే లెక్చరర్ చేతిలో రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఒకటి తనకి, ఒకటి డాక్టరుకి.

"ఏందన్నా, బతుకుతదా?"

"బతుకుతది గని, దుమ్ము జూడు సార్. మీరు చాక్‌పీసుతోని ఎకానమీ చెప్తుండ్రా, సున్నం కొడుతుండ్రా?"

అందరూ నవ్వారు. నన్ను చూసి ఆపేశారు. లెక్చరర్ టీ గ్లాసులు ఎక్కడ దాచాలో తెలియక రెండూ తనే తాగడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు బాబూ?" అన్నాను.

"టీ తాగుతున్న మేడం."

"ఒడిలో పెట్టుకునా?"

అన్న తల వంచాడు. లెక్చరరే చెప్పాడు. "మేడం, ఆయనను ఏం అనకుండ్రి. మేమే తెచ్చినం. ఆ వెబ్‌సైటుల కంప్లైంట్ అని ఉంది. కంప్లైంట్ రాస్తే ఎవరికో మెమో పోతది, ఎవరి ఉద్యోగానికో ఎసరొస్తది. ఆ పిల్ల మంచిది, పాపం. మనమెందుకు రాయాలె? అన్న ఉన్నడు గదా, చెప్తే అయిపాయె."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ మనుషుల తీరే అంత. పుట్టినప్పటినుంచి ప్రభుత్వ ఆఫీసుల భాష వింటూ, ఆ ఉద్యోగాలకే పిల్లలను తయారుచేస్తూ, వాళ్ళకి కంప్లైంట్ అంటే ఒక మనిషి మీద రాసేది. చెడిపోయిన వస్తువు మీద రాసేది కాదు. ఎవరి ఉద్యోగమూ పోకూడదని నోరు మూసుకున్నారు. ఆ మౌనమే అన్న ఉద్యోగాన్ని తినేస్తోంది. అన్నకు ఆ సంగతి తెలియదా?

అందరూ వెళ్ళాక అడిగాను. "నువ్వు బాగుచేసినదంతా కంపెనీ ఖాతాలో పడుతోంది. నీ ఉద్యోగం నువ్వే పోగొట్టుకుంటున్నావు, తెలుస్తోందా?"

"ఎర్కనే మేడం."

"మరి?"

"ప్రొజెక్టర్ లేక క్లాసు ఆగితే ఆ పిల్లలు ఎవల్ని అడగాలె? ఊర్ల భూమి కుదువ పెట్టి వచ్చినోళ్ళున్నరు." ప్రొజెక్టర్ మూత బిగిస్తూ, "నాకు ఆపబుద్ధి కాదు మేడం. అలవాటైపాయె. అన్నా అని వినవడితే కాళ్ళు వాటికవే లేస్తయి" అన్నాడు.

తప్పుడు త్రాసు దేవునికి అసహ్యమని సండే స్కూల్లో కంఠస్థం చేసినదాన్ని నేను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది అదే. ఒక పళ్ళెంలో కంపెనీ ఉంది, దాని కిందనుంచి అన్న చెయ్యి పెట్టి మోస్తున్నాడు. ఈ తూకం ఎవరికీ న్యాయం కాదు. అన్నకే కాదు, ఆ కంపెనీ పిల్లకి కూడా కాదు. తను చేయని పనికి మెప్పు పొందుతున్నానని ఆమెకు తెలియదు.

ఛైర్మన్ గారికి వెంటనే చెబుదామనుకున్నాను. కానీ ఆయన అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. అన్న చెయ్యి తీసేస్తే కంపెనీ ఏ మాత్రం చేస్తుందో చెప్పమంటారు. నాకు తెలియదు. అందుకని ట్రయల్ చివర్లో మిగిలిన రోజులు నిజంగా తూద్దామనుకున్నాను. లెక్చరర్లను పిలిచి, "ఆ పేజీలో రాయడం ఎవరి మీదా చాడీ కాదు. రాయకపోతేనే పాపం" అని చెప్పాను. అన్నను పిలిచి, "నువ్వు ఇకమీద ప్రొజెక్టర్ ముట్టుకుంటే నా మీద ఒట్టే" అన్నాను. మా విశ్వాసంలో ఒట్లు పెట్టకూడదు. ఆ వేళకి అదే నోట్లోకి వచ్చింది.

మర్నాటినుంచి కంపెనీ పేజీ నిండిపోయింది. ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, ఏమైంది? ఇన్నాళ్ళూ ఏమీ లేవు, ఇప్పుడు ఇన్ని ఒక్కసారి!" ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. "అయితే నిజమైన పని ఇప్పుడు మొదలైందన్నమాట. థాంక్స్ మేడం, చెప్పినందుకు" అంది. ఆ మాటతో ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

నిజం చెప్పాలంటే వాళ్ళు బాగానే చేశారు. అన్ని పనులూ కాదు. ప్రొజెక్టర్ పోతే మనిషి ఎక్కడో దూరం నుంచి మెట్రో ఎక్కి రావాలి, ఆ పూట క్లాసు పోయినట్టే. కానీ ఫైళ్ళు పోకుండా రోజూ కాపీ తీసిపెట్టడం, వైరస్ రాకుండా చూడడం, మూడు చోట్ల నెట్‌ని ఒకచోట కూర్చుని గమనించడం, ఇవన్నీ అన్న ఒక్కడు ఎప్పుడూ చేయలేకపోయిన పనులు. ఆ మాట అన్నే నాతో అన్నాడు.

మిగిలింది ఆదివారం. ట్రయల్‌లో చివరి పెద్ద మాక్ టెస్టు కంపెనీ వాళ్ళు ఒంటరిగా నడపాలి. అన్నను ఇంటి దగ్గరే ఉండమన్నాను. శనివారం నా గదికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, రేపు నేను వస్త."

"వద్దన్నాను కదా."

"చేస్తందుకు కాదు. రాస్తందుకు." జేబులోంచి మా సంస్థ హాల్ టికెట్ తీశాడు. అందరిలాగే దరఖాస్తు పెట్టుకున్నాడు. "ఈ గ్రూప్స్ నోటిఫికేషన్ దాటితే నాకు ఏజ్ బార్ అయితది. లాస్ట్ ఛాన్స్. ఇన్నేండ్లల్ల నేను ఒక్క మాక్ టెస్టు కూడ కూసోని రాయలే మేడం. రాద్దామనుకున్న ప్రతిసారి ఏదో ఒకటి ఆగిపాయె, లేచిన."

నేను అతని ఉద్యోగం కోసం ఇన్నాళ్ళూ ప్రార్థిస్తున్నాను. అతనికి ఇంకోటి కావాలని నా ఊహకే రాలేదు.

ఆదివారం మొదటి ఆరాధన ముగించుకుని నేరుగా ల్యాబుకు వెళ్ళాను. అన్న కిటికీ పక్క వరుసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాతికేళ్ళ పిల్లల మధ్య కూర్చున్నాడు. కంపెనీ అమ్మాయీ, ఇంకో ఇంజనీరూ తలుపు దగ్గర ఉన్నారు. పరీక్ష సగానికి వచ్చాక గోడవైపు వరుసల్లో స్క్రీన్లు ఆగిపోయాయి. కిటికీ వైపు నడుస్తూనే ఉన్నాయి.

ఒక్కసారిగా ఆ వరుసల్లో తలలన్నీ అతనివైపు తిరిగాయి.

"అన్నా, ఆగిపోయింది!"

"అన్నా, జర చూడవా, టైం పోతుంది!"

"అన్నా!"

కంపెనీ అమ్మాయి కూడా అతనివైపు ఒక అడుగు వేసింది. నా నోటిదాకా "బాబూ" అనే పిలుపు వచ్చేసింది. అతను లేస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుందని మా అందరికీ తెలుసు. ఒకసారి లేస్తే మళ్ళీ కూర్చోవడం ఉండదని, అతని పరీక్ష పోతుందని నాకూ అతనికీ తెలుసు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. "ప్రభువా, అతన్ని కూర్చోబెట్టు" అని అనుకున్నాను. అలాంటి ప్రార్థన నేను అంతకుముందు ఎప్పుడూ చేయలేదు.

అన్న మెడ ఒక్కసారి అటు తిరిగింది. మళ్ళీ స్క్రీన్‌వైపు వచ్చింది. ఎడమ చేత్తో కుర్చీ అంచు పట్టుకున్నాడు. కుడి చెయ్యి మౌసు మీదే ఉంది.

అతను లేవడని ఆ అమ్మాయికి అర్థమైంది. ఇంజనీరును తీసుకుని వరండాలోకి పరుగెత్తింది. అక్కడున్న నెట్ పెట్టె తెరిచి, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, ఒక తీగ మార్చి, ఇంకోటి పీకి పెట్టి, చివరికి స్క్రీన్లు లేచేసరికి పావుగంట పట్టింది. ఆగిపోయినవాళ్ళకు ఆ పావుగంట అదనంగా ఇచ్చాం. ఒక కుర్రాడు బయటికొస్తూ, "అసలు పరీక్షల గిట్లయితే ఏంది మా గతి?" అని అరిచాడు. వాడి కోపం న్యాయమైనదే.

అందరూ వెళ్ళాక అన్న బయటికి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"రెండుసార్లు లేచినయి మేడం కాళ్ళు. పట్టుకొని కూసున్న."

సాయంత్రం ర్యాంకులు వచ్చాయి. అతనిది గొప్పగా లేదు. మధ్యలో ఎక్కడో ఉంది. "ఇన్నేండ్ల సంది అందరి ర్యాంకులు నేనే గోడకు అంటిచ్చిన. నా పేరున్న కాయిదం అంటిచ్చుడు ఇదే ఫస్ట్" అని నవ్వాడు.

మంగళవారం ట్రస్టు సమావేశం. నేను టీ కొట్టు సంగతి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఛైర్మన్ గారికి ముందు కోపం వచ్చింది. "అంటే మూడు నెలలు నాకు చూపించింది అబద్ధమా?" తర్వాత చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. చివరికి, "ఇంత జేసినోన్ని ఎట్ల తీసేస్తమమ్మా? కంపెనీకి వద్దని చెప్పు. ఆయననే ఉంచుదాం. పర్మినెంటు చేద్దాం. రాసుకో" అన్నారు.

నేను మూడు నెలలుగా దేవుని అడిగినది అక్షరాలా ఇదే. ఎగురుకుంటూ వెళ్ళి అన్నకు చెప్పాను.

అతను సంతోషపడలేదు. "చల్లగుండాలె సార్. గని మేడం, పర్మినెంటు అంటే ఆదివారం డ్యూటీ కూడ పర్మినెంటే గద?" అన్నాడు. "కంపెనోళ్ళనే ఉంచుండ్రి. నెట్, పరీక్షలు వాళ్ళు చూసుకోని. పొద్దటి పూట చిన్న చిన్న పనులు నేను చేస్త, పరీక్ష అయ్యేదాక. సగం జీతం చాలు."

"పరీక్ష అయ్యాక? అప్పుడు ఈ పోస్టు ఉండదు. ఛైర్మన్ గారు రెండోసారి ఇవ్వరు. ఇంట్లో అడిగావా?"

"అడిగిన. 'గీ ఒక్కసారి నీ కోసం కూసో, తర్వాత జిందగీ మొత్తం లేచి తిరుగుడే ఉంటది గద' అన్నది."

నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. లేఖనాల్లో ఒక మామ ఉన్నాడు. అల్లుడు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒక్కడే కూర్చుని జనం తగవులన్నీ తీరుస్తుంటే చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పని పంచిపెట్టు అని బుద్ధి చెప్పాడు. ఆ భాగం నేను పిల్లలకు ఎన్నిసార్లు బోధించానో. అల్లుడు పెద్ద నాయకుడు కాబట్టి అది నాయకులకు చెప్పిన మాట అనుకున్నాను. ప్రొజెక్టర్లు బాగుచేసేవాడికి కూడా వర్తిస్తుందని అనుకోలేదు.

సొంత మనిషిని ఉంచుకోవడం దయ అనీ, బయటి కంపెనీకి ఇవ్వడం నిర్దయ అనీ నేను మొదటినుంచీ నమ్మాను. సొంత మనిషి అనే మాటలో ఎంత ప్రేమ ఉందో, అతను ఎప్పుడూ మన పిలుపు అందేంత దూరంలోనే ఉండాలన్న స్వార్థం కూడా అంతే ఉంది. కంపెనీ అయితే ఆదివారానికి మనిషిని మార్చి పంపుతుంది. కానీ చాక్‌పీసు దుమ్ము గురించి లెక్చరరును తిట్టడానికి కంపెనీకి మనిషి ఉండడు. తిట్టకపోతే ఆ ప్రొజెక్టర్ మళ్ళీ చెడిపోతుంది. ఈ రెండూ నిజమే. మీరు రేపు ఇలాంటి తీర్మానం రాయాల్సి వస్తే, రిపోర్టులు చదివాక టీ కొట్టుదాకా కూడా నడవండి. ఆ పని చేసే మనిషిని నీకేం కావాలని అడగండి. నేను ప్రార్థించాను గానీ అడగలేదు.

అతను కోరినట్టే తీర్మానం రాశాను. ఛైర్మన్ గారు "పిచ్చోడమ్మా వాడు" అంటూనే సంతకం పెట్టారు. ఆ ఏడాదే నేను విరమణ చేశాను. కంపెనీ ఇంకా అక్కడే ఉంది, ఇప్పుడు వాళ్ళ మనిషి ఒకరు అశోక్ నగర్‌లోనే గది తీసుకుని ఉంటున్నాడట. అన్న పరీక్ష రాశాడు. ప్రిలిమ్స్ గట్టెక్కాడు, మెయిన్సూ రాశాడు. మా సంస్థలో అతని పోస్టు మాత్రం అనుకున్నట్టే పోయింది. ఇప్పుడు బాగ్ లింగంపల్లిలో ఒక దుకాణంలో లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాడు. మెయిన్స్ ఫలితాలు ఇంకా రాలేదు.

కాబట్టి యువజన కూటంలోని బిడ్డలారా, స్తుతి చెల్లించవచ్చా అని అడిగిన అబ్బాయీ, నాన్న ఉద్యోగం పోయిన అమ్మాయీ, మీరిద్దరూ పక్కపక్కనే కూర్చుని నాతో కలిసి కాసేపు కళ్ళు మూసుకోండి. తండ్రీ, పని దొరికినవాళ్ళు పని పోయినవాళ్ళను మరచిపోకుండా చెయ్యి. ఆ అమ్మాయి నాన్నకు దారి చూపించు. ఎవరు పిలిచినా లేచి వెళ్ళిన మనిషి ఒకడు, తన కోసం ఒకే ఒక్కసారి కూర్చున్నాడు. ఫలితం ఏదైనా, ఆ కూర్చున్నందుకు అతను ఎన్నడూ పశ్చాత్తాపపడకుండా కాపాడు. మీరు కూడా ఆమేన్ అనండి.